పదేళ్లు దాటిన జర్మన్ ఎస్‌యూవీ: వరంగల్‌లో ఉండి నడపాలంటే ఏం పోతుంది, ఎంత అవుతుంది

హనుమకొండలో, కరీంనగర్‌లో ఈమధ్య పాత ఆడి క్యూ7లు, బీఎండబ్ల్యూ ఎక్స్5లు, బెంజ్ ఎంఎల్‌లు బాగానే తిరుగుతున్నాయి. కొత్తలో అరకోటి దాటిన బళ్లు ఇప్పుడు పది లక్షలకు అటూ ఇటూగా దొరుకుతున్నాయి. ఢిల్లీలో పదేళ్లు నిండిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలు మొదలయ్యాక అక్కడి నుంచి ఇంకా చవకగా దిగుతున్నాయి. కొత్త క్రెటా టాప్ మోడల్ ధరలో సగానికే క్యూ7 వస్తుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది.

బండి ధర పడిపోయింది, పార్టుల ధర పడిపోలేదు. తేడా అంతా అక్కడే ఉంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఈ బళ్లలో ముందు పోయేది ఎక్కువసార్లు వందల రూపాయల రబ్బరు ముక్క, లేదా ఆకులు అడ్డం పడిన ఒక గొట్టం. దాన్ని ఎవరూ చూడకపోవడం వల్ల దాని పక్కనున్న లక్ష రూపాయల సామాను పోతుంది. అందుకే కొనేముందు చూసినా, కొన్నాక మొదటి నెలలో చూసినా, చిన్నవాటి నుంచే మొదలుపెట్టాలి.

ఇక్కడ చెప్పేది మూడు డీజిల్ బళ్ల గురించి: మొదటి తరం క్యూ7 3.0 టీడీఐ, 2007–2013 మధ్య వచ్చిన ఎక్స్5, 2005–2011 మధ్య వచ్చిన ఎంఎల్. రేట్లు ప్రైవేటు గ్యారేజీల లెక్కలో రమారమిగా రాసినవి. షోరూమ్‌లో రెట్టింపు అనుకోండి. ఇంపోర్ట్ పార్టులు కాబట్టి కొటేషన్ తీసుకున్న రోజు రేటే అసలు రేటు.

1. ముందు కాగితాలు

ఆర్సీ మీద తేదీ చూడండి. 2010లో రిజిస్టర్ అయిన బండికి 2025తో పదిహేనేళ్లు నిండాయి. ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి రెన్యువల్ చేయించాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. వయసును బట్టి తగ్గించినా అది కొత్తప్పటి ధర మీద లెక్కగట్టేది, కాబట్టి లక్షల్లో తేలొచ్చు. బేరం ఆడకముందే ఆర్టీఏలో అడిగి ఆ అంకె రాసుకోండి. ఢిల్లీ బండి చవక అన్న మాట అక్కడే సగం కరిగిపోతుంది.

తర్వాత, బండి ధరలో మూడో వంతు విడిగా పక్కన పెట్టండి. తొమ్మిది లక్షల బండికి మూడు లక్షలు. ఆ డబ్బు లేకపోతే ఈ బండి మీకు కాదు. మొహమాటం లేకుండా చెప్తున్నా.

2. చల్లటి ఇంజిన్ దగ్గర నిలబడండి

మీరు వెళ్లేదాకా స్టార్ట్ చేయొద్దని ఓనర్‌కు ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి.

స్టార్ట్ చేసిన మొదటి ఒకటి రెండు సెకన్లు గలగలమంటే, ఆయిల్ పైకి ఎక్కేలోపు వచ్చే చప్పుడు కావచ్చు. ఆ తర్వాత కూడా డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తే టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయించే గొలుసు), దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ అనుమానించాలి. క్యూ7 3.0 టీడీఐలో, 2010 తర్వాతి ఎక్స్5 ఎన్57 ఇంజిన్‌లో చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. సామాను ధర కంటే అక్కడిదాకా వెళ్లే కూలీయే ఎక్కువ. ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ దించాల్సిందే. మొత్తం రూ. 1.8–3 లక్షలు. 2010కి ముందు ఎక్స్5లో వచ్చిన ఎం57 ఇంజిన్‌కు చైన్ ముందు ఉంటుంది, దాని గొడవ తక్కువ. కాకపోతే దాని ఇన్‌టేక్‌లో, అంటే గాలి లోపలికి వెళ్లే దారిలో ఉండే స్విర్ల్ ఫ్లాప్‌లు (గాలిని సుడి తిప్పే చిన్న రెక్కలు) విరిగి సిలిండర్‌లోకి పోయిన కేసులున్నాయి. వాటిని తీసి మూసేశారో లేదో అడగండి. ఎంఎల్ ఓఎం642 ఇంజిన్‌కు చైన్ గొడవ అంతగా లేదు.

పొగ కూడా చూడండి. చలి పొద్దున తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన వస్తే గ్లో ప్లగ్ (చల్లటి ఇంజిన్‌ను స్టార్టింగ్‌కు వేడిచేసేది) గానీ ఇంజెక్టర్ గానీ పోయి ఉండొచ్చు. గ్లో ప్లగ్ ఒక్కొక్కటి రూ. 2,000–4,000. తీసేటప్పుడు విరిగితే ఖర్చు పెరుగుతుంది, అందుకే ఇంజిన్ వేడెక్కించి నెమ్మదిగా విప్పాలి. క్యూ7లోని ఇంజెక్టర్లు పీజో రకం, మామూలు పంప్ షాపులో బాగుచేసేవి కావు. కొత్తది ఒక్కటి రూ. 30,000–45,000 దాకా ఉంటుంది, అవి ఆరు. మూడు నెలలకో డీజిల్ ఫిల్టర్ మార్చినా దీనితో పోలిస్తే చవకే.

3. స్కానర్ పెట్టించండి

వెయ్యి, రెండు వేల రూపాయల బ్లూటూత్ స్కానర్ ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదువుతుంది. సస్పెన్షన్, గేర్‌బాక్స్, ఏబీఎస్ చదవాలంటే ఆడికి వీసీడీఎస్, బీఎండబ్ల్యూకు ఇస్టా, బెంజ్‌కు జెంట్రీ లాంటివి ఉన్న మనిషి కావాలి. రూ. 1,000–3,000 తీసుకుంటారు. ఒక్క కోడ్ కూడా లేకపోతే సంబరపడకండి. నిన్న రాత్రి తుడిచేసి ఉండొచ్చు. ఓ నలభై కిలోమీటర్లు నడిపాక మళ్లీ చదివించండి.

కోడ్ చెప్పేది లక్షణం మాత్రమే. క్యూ7లో పీ2015 అనే కోడ్ వస్తే ఇన్‌టేక్ ఫ్లాప్ ఉండాల్సిన చోట లేదని అర్థం. చాలామంది వెంటనే ఆ ఫ్లాప్‌లుండే మానిఫోల్డ్ మొత్తం మార్చేస్తారు, ఒక్కో వైపు రూ. 30,000–45,000. చాలాసార్లు అరిగేది దాని ప్లాస్టిక్ చెయ్యి ఒక్కటే. దానికి లోహపు బ్రాకెట్ రెండు మూడు వేలలో దొరుకుతుంది. ముందు అది చూడమనండి.

4. గాలి: ఒక రాత్రి పరీక్ష

ఎయిర్ సస్పెన్షన్ (ఇనుప స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు స్ప్రింగులు) ఉన్న పాత బండిలో గాలి ఎక్కడో ఒకచోట పోతూనే ఉంటుందనుకుని మొదలుపెట్టండి. క్యూ7, ఎంఎల్‌లలో ఉంటే నాలుగు చక్రాలకూ ఉంటుంది. ఎక్స్5లో వెనక రెండింటికే.

పరీక్షకు టేపు చాలు. సాయంత్రం చదునైన చోట బండి ఆపి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. పొద్దున డోర్ తీయకముందే మళ్లీ కొలవండి. డోర్ తీస్తే కంప్రెసర్ మేల్కొని లెవల్ సరిచేసేస్తుంది, పరీక్ష పాడవుతుంది. ఒక్క మూల దిగితే ఆ మూల ఎయిర్ స్ప్రింగ్‌లో గానీ దాని పైపు జాయింట్‌లో గానీ లీకు. ముందు రెండూ కలిసి దిగితే వాల్వ్ బ్లాక్ (గాలిని ఒక్కో చక్రానికి పంచే భాగం) చూడాలి. ఏదీ దిగలేదు కానీ బండి లేవడానికి నిమిషాలు పడుతోందంటే కంప్రెసర్ అలిసిపోయింది.

లీకు పట్టడానికి సబ్బు నీళ్లు స్ప్రే చేయండి. రబ్బరు మడత పడే చోట, పైపు దూరే ఇత్తడి జాయింట్ దగ్గర బుడగలు నెమ్మదిగా ఉబ్బుతాయి. బండిని పూర్తిగా పైకి లేపి ఉంచితేనే ఆ మడతలోని పగుళ్లు కనిపిస్తాయి. మన ఎండల్లో రబ్బరు తొందరగా ఎండి పగులుతుంది. మే నెలంతా నీడ లేని చోట ఆపే బండి అయితే మరీ.

కారణం సరిచేయకుండా ముందుకు పోతే జరిగేది ఇదీ: స్ప్రింగ్ లీకును కప్పిపుచ్చడానికి కంప్రెసర్ గంటల తరబడి తిరుగుతుంది, వేడెక్కి కాలిపోతుంది. దాని రిలే అతుక్కుపోయినా అంతే, బండి ఆపేసినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. రిలే ధర వెయ్యి చిల్లర. కంప్రెసర్ రూ. 35,000–70,000. అందుకే కొత్త కంప్రెసర్ వేస్తే రిలే కూడా మార్చండి, లీకు ఉన్న స్ప్రింగ్‌ను వదలకండి. లేకపోతే కొత్త కంప్రెసర్ కూడా ఏడాది తిరగదు. ముందు ఎయిర్ స్ప్రింగ్ ఒక్కటి చైనాది రూ. 25,000–40,000, మంచి బ్రాండ్‌ది రూ. 55,000–90,000. వెనకవి కొంత తక్కువ. చైనావి రెండు మూడేళ్లకు మించి ఆశించవద్దు. బండి అమ్మేసే ఆలోచనలో ఉంటే సరే, ఉంచుకునేవాళ్లు మంచివే వేయించాలి.

ఇదంతా పీకేసి మామూలు స్ప్రింగులు పెట్టేద్దాం అనే సలహా కూడా వినిపిస్తుంది. క్యూ7 లాంటి బరువైన బండికి అది నాకు నచ్చదు. డ్యాష్‌బోర్డ్‌లో లైటు పోదు, గుంతల్లో బండి కొట్టుకుంటుంది, అమ్మేటప్పుడు ధర పడుతుంది.

5. నీళ్లు: పైనుంచి వచ్చేవి

పనోరమిక్ సన్‌రూఫ్‌కు మూలల్లో డ్రెయిన్ గొట్టాలుంటాయి. వేపచెట్టు కింద ఆపే బండికి అవి మూసుకుపోవడం ఖాయం. నీళ్లు రూఫ్‌ను మోసే స్తంభాల లోపలి నుంచి కార్పెట్ కిందికి చేరతాయి. జర్మన్ బళ్ల కార్పెట్ కింద మందపాటి ఫోమ్ ఉంటుంది కాబట్టి పైన పొడిగానే అనిపిస్తుంది. ఫ్లోర్ మ్యాట్ తీసి, కార్పెట్‌ను గట్టిగా నొక్కి, చేతిని వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే కింద నీరుంది.

దీనికి ఎందుకంత భయం అంటే, క్యూ7లో, ఎంఎల్‌లో బ్యాటరీ ముందు సీటు కిందే ఉంటుంది, వైరింగ్ జాయింట్లు కూడా అక్కడి కార్పెట్ కిందినుంచే పోతాయి. ఎక్స్5లో బ్యాటరీ, కొన్ని మాడ్యూళ్లు (ఎలక్ట్రానిక్ కంట్రోల్ పెట్టెలు) డిక్కీలో ఉంటాయి. తడిస్తే రోజుకో లైటు వెలుగుతుంది, సీట్లు కదలవు, పాట ఆగిపోతుంది, రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంది. మాడ్యూల్ ఒక్కొక్కటి రూ. 20,000 నుంచి లక్ష దాకా, పైగా దాన్ని బండి కంప్యూటర్‌తో కలిపే కోడింగ్ ఖర్చు. గొట్టం శుభ్రం చేయించడానికి అయ్యేది రూ. 1,500–4,000.

మీరే చేసుకోవచ్చు. సన్‌రూఫ్ తెరిచి, మూలలో గ్లాసెడు నీళ్లు నెమ్మదిగా పోయండి. ముందువైపు పోస్తే ముందు చక్రం దగ్గర కింద కారాలి. కారకపోతే గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగను నెమ్మదిగా తోసి తిప్పండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు, లోపల గొట్టం జాయింట్ ఊడొచ్చు. అప్పుడు రూఫ్ లైనింగ్ దించాలి. మృగశిర కార్తె రాకముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి చాలు. వైపర్ల కింద ఆకులు పేరుకునే చోటు కూడా అప్పుడే ఊడ్చేయండి.

బ్యాటరీ మార్చాల్సి వస్తే ఏజీఎం రకమే పెట్టాలి, రూ. 18,000–28,000. ఎక్స్5లోనైతే కొత్త బ్యాటరీ పెట్టిన సంగతి కంప్యూటర్‌కు తప్పనిసరిగా చెప్పాలి, లేకపోతే పాత లెక్కలోనే చార్జింగ్ చేసి కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది.

ఇక కింది నీళ్లు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన కాలనీలు మునిగిన సంగతి తెలిసిందే. కొనే బండి అప్పుడు ఎక్కడుందో అడగండి, కానీ జవాబును నమ్మకండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, బురద గీత కనిపిస్తుంది. సీటు పట్టాల కింద తుప్పు, స్పేర్ టైరు గుంటలో ఒండ్రు చూడండి. డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం తీయించి, మజ్జిగ రంగులో ఉంటే ఆ బండి వదిలేయండి.

6. ఆయిల్ లీకు: గేర్‌బాక్స్ దించమనే ముందు

ఎంఎల్‌లో ఇది బాగా తెలిసిన కథ. బండి కింద, ఇంజిన్‌కు గేర్‌బాక్స్‌కు మధ్య ఆయిల్ చుక్కలు పడుతుంటాయి. మెకానిక్ కింద దూరి చూసి, "సార్, క్రాంక్ వెనక సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలె" అంటాడు. ఆయన చూసినంతలో అది తప్పేం కాదు, ఆయిల్ అక్కడే కారుతోంది. కానీ ఓఎం642 వీ6 ఇంజిన్‌లో ఆయిల్ కూలర్ రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో ఉంటుంది. దాని రబ్బరు సీళ్లు ఎండిపోతే ఆయిల్ ఆ లోయలో నిండి, వెనక నుంచి కిందికి జారుతుంది. గేర్‌బాక్స్ దించి సీల్ మార్చినా లీకు ఆగదు.

తేల్చుకోవడం ఎలా? ఇంజిన్ కవర్ తీసి, టార్చి వేసి ఆ లోయలోకి చూడండి, లేదా సన్న కెమెరా దింపించండి. అక్కడ ఆయిల్ మడుగు ఉంటే కూలర్ సీళ్లే. సీళ్ల ధర వేలల్లో తక్కువే. టర్బో, ఇన్‌టేక్ అన్నీ విప్పాలి కాబట్టి కూలీతో కలిపి రూ. 30,000–55,000. మొదట్లో వచ్చిన నారింజ రంగు సీళ్ల బదులు తర్వాత ఊదా రంగు మెరుగైనవి వచ్చాయి, అవే వేయమనండి.

అదే ఇంజిన్‌లో టర్బోకు గాలి వెళ్లే రబ్బరు పైపు దగ్గర ఒక సీల్ రింగ్ ఉంటుంది, కొన్ని వందల రూపాయలది. అది కారితే ఆయిల్ చుక్కలు సరిగ్గా కింద ఉన్న స్విర్ల్ మోటారు మీద పడి, దాన్ని (ఇన్‌టేక్ ఫ్లాప్‌లను తిప్పే మోటారును) షార్ట్ చేస్తాయి. బండి పవర్ పోతుంది, మోటారుకు కూలీతో రూ. 25,000 పైనే. పైన ఎలాగూ విప్పారు కాబట్టి రెండు పనులూ ఒకేసారి చేయించండి.

క్యూ7కి ఆయిల్ మార్చేటప్పుడు 507.00 స్పెసిఫికేషన్ ఉన్న 5డబ్ల్యూ-30నే అడగండి. ఎనిమిది లీటర్లకు పైనే పడుతుంది, ఫిల్టర్లతో కలిపి రూ. 12,000–20,000. పదిహేను వేల కిలోమీటర్ల దాకా ఆగొద్దు, ఎనిమిది నుంచి పది వేలకే మార్చండి. చైన్ ఆయుష్షు చాలావరకు దీనిమీదే ఉంటుంది.

7. వేడి, పొగ ఫిల్టర్

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బళ్లు వచ్చే రోజుల్లో ఆ రోడ్ల మీద తిరిగే బండి ముందు భాగం చూడండి. ఏసీ కండెన్సర్‌కు దూది పొర పడుతుంది. వెనకున్న రేడియేటర్‌కు గాలి అందదు. సీజన్ అయ్యాక బంపర్ విప్పించి, రెండింటి మధ్యలో తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగించండి, రూ. 2,000–4,000. మేడారం జాతర దారిలో గంటల కొద్దీ ఫస్ట్ గేర్‌లో పాకేవాళ్లు ఈ పని తప్పకుండా చేయించాలి. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోయకండి, లోపల సున్నం పేరుకుంటుంది. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే మీటర్‌లో ఏమీ తేడా కనిపించకపోవచ్చు, కానీ ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. మైలేజీ పడిపోతుంది, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తనను తాను శుభ్రం చేసుకునే పని మొదలే కాదు. స్కానర్‌లో లైవ్ టెంపరేచర్ చూస్తే తెలుస్తుంది. థర్మోస్టాట్ కూలీతో రూ. 8,000–18,000. డీపీఎఫ్ ఉన్న బండిని హనుమకొండ నుంచి కాజీపేట, కాజీపేట నుంచి హనుమకొండ అని మాత్రమే తిప్పితే అది మూసుకుపోతుంది. వారానికోసారి జనగామ దాకా హైవే మీద ఆపకుండా నడపండి. డీపీఎఫ్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం.

8. గేర్‌బాక్స్, నాలుగు చక్రాల డ్రైవ్

గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్న మాట పక్కన పెట్టండి. ఎక్స్5 గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000–1,20,000 కిలోమీటర్లకు మార్చమంటుంది. ఫిల్టర్, గాస్కెట్‌తో రూ. 25,000–45,000. ఆరు గేర్ల జెడ్‌ఎఫ్‌లో కరెంటు కనెక్టర్ దగ్గరుండే రబ్బరు స్లీవ్, బెంజ్ గేర్‌బాక్స్‌లో కనెక్టర్ ఓ-రింగ్ కారుతుంటాయి. ఆయిల్ తగ్గి గేర్లు కుదుపులిస్తే "గేర్‌బాక్స్ అయిపోయింది, రెండు మూడు లక్షలు" అంటారు. ముందు ఆయిల్ లెవల్, ఈ రబ్బర్లు చూడమనండి.

ఎక్స్5లో నెమ్మదిగా మలుపు తిప్పుతూ యాక్సిలరేటర్ నొక్కితే కుదుపు వస్తుంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) అనుమానించాలి. ముందు టైర్లు వెనక టైర్లు వేర్వేరుగా అరిగినా, వేర్వేరు బ్రాండ్లు వేసినా అది చెడిపోతుంది. ఒక్కోసారి దాని మోటారులోని ప్లాస్టిక్ గేరు మాత్రమే అరిగి ఉంటుంది, ఆ పని రూ. 8,000–15,000లో అయిపోతుంది. క్యూ7లో నెమ్మదిగా వెళ్తూ ఎక్స్‌లరేట్ చేసినప్పుడు కాళ్ల కింద దబదబ కొట్టుకుంటే ప్రాపెలర్ షాఫ్ట్ (బండి కింద పొడవునా తిరిగే కడ్డీ) మధ్య బేరింగ్ రబ్బరు చిరిగింది. షోరూమ్ షాఫ్ట్ మొత్తం మార్చమంటుంది, లక్ష పైనే. బేరింగ్ ఒక్కటే మార్చి బ్యాలెన్స్ చేయించేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, రూ. 12,000–20,000.

బ్రేకులు, టైర్ల సంగతి లెక్క మాత్రమే. ముందు డిస్కులు, ప్యాడ్లు రూ. 35,000–60,000. 20 అంగుళాల టైరు ఒక్కటి రూ. 18,000–30,000.

9. ఎక్కడ చేయించాలి

ఆయిల్, బ్రేకులు, బుష్‌లు, డ్రెయిన్లు, కండెన్సర్ కడగడం ఇక్కడి మంచి మెకానిక్ దగ్గరే చేయించండి. సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్ చూసి బిగించే మనిషి అయితే చాలు. చైన్, గేర్‌బాక్స్, ఎయిర్ సస్పెన్షన్ వాల్వ్ బ్లాక్, మాడ్యూల్ కోడింగ్ మాత్రం హైదరాబాద్‌లో జర్మన్ బళ్లే చూసే గ్యారేజీకి తీసుకెళ్లండి. నూటనలభై అయిదు కిలోమీటర్లు పోయి రావడం, తప్పు రిపేర్ కంటే ఎప్పుడూ చవకే.

పార్టులు ఆర్డర్ చేసేటప్పుడు మోడల్ పేరు కాదు, పదిహేడు అక్షరాల చాసిస్ నంబర్ ఇవ్వండి. ఒకే ఏడాది బళ్లలో కూడా తేడాలుంటాయి. లెంఫోర్డర్, సాక్స్, మాన్, మాలే, బాష్ లాంటి బ్రాండ్లు చాలావరకు కంపెనీకి సరఫరా చేసేవే, డబ్బాపై లోగో లేనందుకు ధర తగ్గుతుంది. ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి కొత్తవి, మాయాపురి నుంచి పాతవి తెప్పించేవాళ్లు ఉన్నారు. డోర్లు, అద్దాలు, సీట్లు పాతవి తీసుకోవచ్చు. రబ్బరు ఉన్నదేదీ పాతది కొనొద్దు.

పని ఒప్పుకునే ముందు కొటేషన్ రాయించుకోండి, పార్టు నంబర్లతో సహా. తీసేసిన పాత సామాను డిక్కీలో పెట్టించుకోండి.

బండి దారిలో ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించండి, రెండు చక్రాలు లేపి లాగేది వద్దు, ఇవి నాలుగు చక్రాల డ్రైవ్ బళ్లు. హైదరాబాద్ దాకా రూ. 8,000–15,000 అడుగుతారు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న క్యూ7కి జాకీ పెట్టేముందు మెనూలో జాక్ మోడ్ ఆన్ చేయాలి. టైరు మార్చే కుర్రాడికి ఆ సంగతి తెలియదు, మీరే చేయండి. లాకింగ్ వీల్ బోల్ట్ (చక్రం దొంగలు విప్పకుండా పెట్టే ప్రత్యేక బోల్ట్) సాకెట్ బండిలో ఉందో లేదో కొన్న రోజే చూసుకోండి. అది పోతే ఆలేరు దగ్గర పంక్చర్ పడిన రోజు చక్రం ఊడదు. కొత్త సాకెట్‌కు దాని కోడ్ నంబర్ కావాలి, లేదంటే బోల్ట్ పగలగొట్టించి కొత్త సెట్ వేయించుకోవాలి.